ఆరు చుక్కల పురుగు తిరిగిన పడావు

మా అక్క క్వార్టరు వెనక తలుపు తీస్తే ఎదురుగా ఒక పడావు, ఎవరూ దున్నని బీడు, కనబడేది. తంగేడు, రేగు, జిల్లేడు పొదలు, అక్కడక్కడా చెదపుట్టలు. పడావుకు అవతల ఓబీ. బొగ్గు మీద ఉన్న మట్టినీ రాయినీ తవ్వి తెచ్చి పోసే గుట్టను పద్మాపూర్ వైపు అందరూ ఓబీ అనే అంటారు. నేను మొదటిసారి ఆ ఇంటికి వెళ్లినప్పుడు ఓబీ దూరంగా ఉండేది, పడావు విశాలంగా ఉండేది. వెళ్లిన ప్రతిసారీ గుట్ట కొంచెం దగ్గరికి జరిగేది, పడావు ఆ మేరకు తగ్గేది. ఎంత జరిగిందో మా అక్క వంటింటి గిన్నెల మీద దుమ్మును బట్టి చెప్పేది. నేను చంద్రపూర్ ఊళ్లో తుకుం వైపు ఉంటూ ఒక దినపత్రికకు వార్తలు పంపేవాణ్ని కనుక ఎప్పటికైనా పనికొస్తుందని గుర్తు పెట్టుకునేవాణ్ని. ఆ వార్త ఎప్పుడూ పనికి రాలేదు. గుట్ట పెరగడం చంద్రపూర్‌లో వార్త కాదు.

ఆ పురుగును మొదట అక్కడే చూశాను. మృగశిర కార్తెకు మిరుగు చినుకులు పడిన మర్నాడు, పొద్దున, మా బావా నేనూ పడావులోకి నడుస్తుంటే కాలి దగ్గర ఏదో నల్లగా కదిలింది. బొటనవేలంత ఉంది. వీపు మీద ఆరు తెల్లటి చుక్కలు, అగ్గిపుల్లను సున్నంలో ముంచి ఎవరో ఓపికగా పెట్టినట్టు. పురుగులు మనిషి నీడ పడితే పారిపోతాయి. ఇది ఆగి, వెనక భాగం పైకెత్తి, మా వైపు తిరిగింది.

"దూరం జరుగు బామ్మర్దీ," అన్నాడు బావ. "గది ఉమ్ముతది. కండ్లల్ల వడ్డదనుకో, నీ పేపరు నువ్వే సదువలేవు."

బూటు కొనతో దాన్ని వెల్లకిలా తిప్పాడు. కాళ్లు గాలిలో కొట్టుకున్నాయి. దాని వెనక నుంచి సన్నటి తుంపర లేచి బూటు మీద పడింది. చీమల గూడును చేతితో నలిపితే వచ్చే ఘాటు వాసన వచ్చింది. బావ నవ్వి దాన్ని అలాగే వదిలేసి నడిచాడు.

తర్వాత చాలాసార్లు చూశాను. వేట చూశాను. చెదపుట్ట పక్కన మాటు వేసి, బయటకు వచ్చిన చెదలను వరసగా తినేది. ఒకసారి ఒక గొంగళిని నడుముకు పట్టుకుని, అది తల ఆడిస్తూ ఉండగానే తోక వైపు నుంచి తింటూ వచ్చింది. తొందరపడలేదు. క్వార్టర్ల కుర్రవాళ్లు, షిఫ్టు దిగిన మగవాళ్లు దాన్ని పట్టి, తేలుతో కలిపి ఇనుప తట్టలో వేసేవారు. పందెం ఒక ఖర్రా. పోకచెక్క, పొగాకు, సున్నం కలిపి ప్లాస్టిక్ కాగితంలో రుద్దే ఆ ముద్ద లేకుండా ఇక్కడ ఏ పనీ మొదలు కాదు, ఏ పనీ ముగియదు. తేలు గెలిచిన రోజులూ ఉన్నాయి. పురుగు గెలిస్తే దాన్ని డంపర్లు తిరిగే రోడ్డు మీద పెట్టి, టైరు కింద పడినప్పుడు వచ్చే చప్పుడు వినేవారు.

దానికి ఎగరడం రాదు. రెక్కల మీద ఉండే గట్టి డొప్పలు రెండూ వీపు మీద అతుక్కుపోయి ఉంటాయట. ఈ మాట నాకు చెప్పింది చంద్రపూర్‌లో ఒక కాలేజీలో జంతుశాస్త్రం చెప్పే మేడం. మరాఠీ ఆవిడ. వానలు పడ్డాక పొద్దున్నే స్కూటీ మీద వచ్చి, పడావులో చిన్న చిన్న గుంతలు తీసి, ప్లాస్టిక్ గ్లాసుల్ని అంచు నేలకు సమంగా ఉండేట్టు పాతేది. రాత్రి తిరిగే పురుగు అందులో పడి ఎక్కలేక ఉండిపోతుంది. ఆవిడ వచ్చి ఫొటో తీసి, కొలిచి, వదిలేస్తుంది.

"ఇది అంతరించిపోయే జాతుల జాబితాలో ఉందా?" అని అడిగాను, పత్రికవాడి మొదటి ప్రశ్న అదే కనుక.

"జాబితాలో ఉండాలంటే ముందు ఎవరైనా లెక్క పెట్టాలి కదా," అంది.

ఆవిడ ఆ చుట్టుపక్కల చాలాచోట్ల గ్లాసులు పాతి చూసిందట. పత్తి చేలల్లో మందు కొడతారు, అక్కడ లేదు. కాలనీల్లో దోమల పొగ వేస్తారు, అక్కడా లేదు. డంపర్ రోడ్డు దాటబోయినవి దాటలేదు. ఓబీ కింద పడినవి ఓబీ కిందే ఉన్నాయి. ఎగిరిపోగల పురుగైతే ఇంకో నేల వెతుక్కునేది. ఇది అంచు దాకా నడిచి, వెనక్కి తిరిగి, మళ్లీ నడుస్తుంది. ఆవిడకు తెలిసినంతలో ఈ వైపు మిగిలింది ఈ పడావు ఒక్కటే.

నేను దాని గురించి రాసి పంపాను. మా జిల్లాలో పులి కనిపిస్తే మొదటి పేజీ. పులి కనిపించకపోయినా, కనిపించలేదని మొదటి పేజీ. నా పురుగు లోపలి పేజీలో, ఫొటో లేకుండా, పత్తి మందు ప్రకటన పక్కన వచ్చింది.

అప్పటికి మా బావకు రిటైర్మెంటు దగ్గరపడుతోంది. ఇక్కడ ఒక సంగతి చెప్పాలి, బయటివారు సులువుగా నమ్మరు. గని పనివాళ్ల ఇళ్లలో 'అన్‌ఫిట్' అనేది శుభవార్త. సర్వీసు ఇంకా కొంత మిగిలి ఉండగా ఒక మనిషి కిందా పైనా ఏ పనికీ పనికిరాడని డాక్టర్ల బోర్డు రాసిస్తే, తండ్రి ఇంటికి వెళతాడు, కొడుకు పనిలోకి వస్తాడు. తెలంగాణ నుంచి ఇక్కడికి వచ్చి భూమి కిందికి దిగిన మావాళ్లకు పిల్లలకు ఇవ్వగలిగిన ఆస్తి అదే. తండ్రి ఒంట్లో ఏదో ఒకటి గట్టిగా చెడిపోవాలి, అదీ గడువు లోపల చెడిపోవాలి. అందుకే కాలనీ మొదట్లో ఉన్న చాయ్ టపరీ దగ్గర, వయసు మళ్లిన మగవాళ్లు రోగాల గురించి మాట్లాడుకునే తీరు వేరుగా ఉండేది.

"నాకు షుగరచ్చింది," అనేవాడు ఒకడు.

"షుగర్‌తోని ఏమైతదిరా? షుగర్ అందరికస్తది. గుండె గావాలె, గుండె."

"మా వియ్యంకునికి గుండెల ఏదో బందయిందట. పోరడు నౌకరీల చేరి బండి గూడ కొన్నడు. దేనికైనా కిస్మత్ ఉండాలె."

"గీయనను సూడుండ్రి," అని మా బావను చూపించేవారు. "టేకు మొద్దు. బోర్డోళ్లే ఈయనను సూసి సిగ్గువడ్తరు."

బావ చేతిలో ఖర్రా రుద్దుకుంటూ నవ్వేవాడు. ఆయన నిజంగానే టేకు మొద్దు. భూగర్భంలో అన్నేళ్లు పని చేసి వచ్చినా దగ్గు లేదు, ఆయాసం లేదు. ఇంట్లో మా అక్క అన్నం వడ్డిస్తూ దెప్పేది. "ఊళ్లె మొగోళ్లందరికీ ఏదో ఒకటచ్చింది. మా ఆయనకు సర్ది గూడ రాదు. తిను, తిను. గట్టిగుండు. పోరడు రోడ్ల మీద తిరుగనీ."

పోరడు అంటే నా మేనల్లుడు. ఐటీఐ చదివి, ఒక కాంట్రాక్టరు దగ్గర పికప్ బండి నడిపేవాడు. కాంట్రాక్టరుకు గుర్తుంటే జీతం, లేకపోతే లేదు. అమ్మ దెప్పుతుంటే తల దించుకుని తినేవాడు. అన్నీ వినేవాడు.

ఎదురు క్వార్టరు వాళ్లకు ఒక కుక్క ఉండేది. అది పడావులో పురుగును వాసన చూడబోయింది. అది చేసిన గోల కాలనీ అంతా విన్నది. ముఖాన్ని దుమ్ములో రాసుకుంటూ, గోడలకు గుద్దుకుంటూ తిరిగింది. కొద్దిరోజులకు ఒక కంటి నల్లగుడ్డు మీద తెల్లటి పువ్వు వేసింది. దాన్ని పెంచుకున్నవాళ్లకంటే మా బావే ఎక్కువ పట్టించుకున్నాడు. షిఫ్టు దిగి వచ్చి, దాని దవడ పట్టుకుని, కంటి ముందు వేలు ఆడించేవాడు.

"సూడు బామ్మర్దీ. ఈ కన్నుకు వేలు గనబడ్తలేదు. పాణానికేం గాలే. తింటున్నది, తిరుగుతున్నది."

"పాపం బావా," అన్నాను.

ఆయన వినలేదు. దుకాణంలో కొనబోయే పనిముట్టును తిప్పి చూసినట్టు కుక్క తలను వెలుతురు వైపు తిప్పి మళ్లీ చూశాడు.

ఆ తర్వాత బావ రోజూ పొద్దున పడావులో తిరగడం మొదలుపెట్టాడు. ఒకప్పుడు బూటుతో తన్నేసిన పురుగు ఇప్పుడు దొరకడం లేదు. ఆయన వెతుకుతున్న సంగతి నాకు తెలుసు, ఎందుకో తెలియదు. మేడంకూ తెలుసు. పురుగు మీద ఆసక్తి ఉన్న పనివాడు ఒకడు దొరికాడని ఆవిడ సంతోషించింది. గ్లాసులు ఎక్కడెక్కడ పాతిందో చూపించింది.

ఒక ఆదివారం నేను అక్క ఇంట్లోనే ఉన్నాను. పొద్దున బావ వెనక తలుపులోంచి టిఫిన్ డబ్బా పట్టుకుని వచ్చాడు. అక్క పొయ్యి దగ్గర రొట్టెలు చేస్తోంది. బావ వరండాలో వెలుతురుకు ఎదురుగా గొంతుక్కూర్చుని డబ్బా మూత తీశాడు.

"బామ్మర్దీ, ఇటు రా. నువ్వు సాక్షివి. పడావులకెల్లి వస్తుంటే పురుగు ఉమ్మింది. గంతే. యాదుంచుకో."

"ఏ పురుగు? ఏంది బావా?"

ఆయన కుడి అరచేతితో కుడి కన్ను గట్టిగా మూసుకున్నాడు. ముఖం డబ్బా మీదికి వంచి, ఎడమ చేతి వేళ్లతో లోపలున్న పురుగు వెనక కాలు గిల్లాడు. నేను లేచేలోగా అయిపోయింది.

ముందు చీమల వాసన వచ్చింది. తర్వాత బావ గొంతు. ఆ మనిషి గనిలో కప్పు కూలిన చోట చిక్కుకుని కూడా అరవలేదని తోటివాళ్లు చెప్పుకునేవారు. ఆ రోజు ఆయన నోట్లోంచి వచ్చింది కుక్క నోట్లోంచి వచ్చినట్టే ఉంది. అక్క నీళ్ల బిందె ఎత్తుకుని పరుగెత్తుకొచ్చింది. ఆయన కాలితో బిందెను తన్నాడు.

"నీళ్లొద్దు! నీళ్లు వోస్తే పోతది!"

"ఏం పోతది? ఏం పోతదయ్యా?"

అప్పుడు ఆమెకు కుడి కన్ను మీద అరచెయ్యి కనబడింది. కింద కూలబడి ఆయన జుట్టు పట్టుకుని ఆ చెంపా ఈ చెంపా కొట్టింది. ఆయన ఓర్చుకోగలిగినంత సేపు ఓర్చుకున్నాడు. తర్వాత ఆయనే నీళ్లు, నీళ్లు అన్నాడు. అప్పటికి బిందె ఖాళీగా దొర్లుతోంది.

మేనల్లుడు నిద్ర లేచి వచ్చాడు. డబ్బాలోంచి బయటపడిన పురుగు గోడ వెంట నడుస్తోంది. చెప్పు వేసుకున్న కాలితో దాన్ని తొక్కాడు. ఎండిన ఆకు మీద కాలు పడ్డట్టు చప్పుడైంది. తర్వాత నా దగ్గరికి వచ్చి మెల్లగా అడిగాడు.

"మామా, కన్ను పూరా పోయిందా?"

ఆ గొంతులో భయం ఉందో, ఇంకేదైనా ఉందో నేను తేల్చుకోలేకపోయాను. మనుషుల గొంతులు విని వార్త రాయడమే నా వృత్తి.

మర్నాడు మేడం తన గ్లాసు ఖాళీగా ఉందని, పక్కన బూటు గుర్తు ఉందని ఫోన్‌లో చెప్పింది. పిల్లల పని అయి ఉంటుందని తనే అనుకుంది.

పువ్వు బాగా పట్టింది. బావ నల్ల కళ్లద్దాలు పెట్టుకుని టపరీకి వెళ్లి, అక్కడ తీసి చూపించేవాడు.

"మంచిగ వట్టిందే! పాల లెక్కనున్నది."

"ఇగ పోరనికి పక్కా. చాయ్ జెప్పు."

"చాయేంది, నోరు తీపి జెయ్యాలె. షీరా పెట్టాలె."

ఒక కన్ను పోతే చాలని బావకు చెప్పింది ఈ టపరీయే. ఎక్కడో ఒక గనిలో ఒకతను ఒంటికన్నుతో అన్‌ఫిట్ అయ్యాడని, అతని కొడుకుకు ఉద్యోగం వచ్చిందని అందరూ చెప్పుకునేవారు. అతనికి గుండె జబ్బు కూడా ఉందన్న సంగతి ఆ కథలోంచి ఎప్పుడో రాలిపోయింది. ఎవరూ కావాలని దాచలేదు. చెప్పేటప్పుడు కన్నే బాగుంటుంది కనుక కన్ను మిగిలింది.

బోర్డుకు నేనూ వెంట వెళ్లాను, డాక్టర్లతో మరాఠీలో మాట్లాడే మనిషి కావాలని. డాక్టరు కుర్రవాడు. ఎడమ కంట్లో టార్చి వేసి చూసి, రాసుకున్నాడు. తర్వాత ఆ కన్ను మూయించి గోడ మీద అక్షరాలు చదవమన్నాడు. బావకు అక్షరాలు రావు. అంకెల పటం తెచ్చారు. కుడి కన్నుతో బావ అన్నింటికంటే కింద ఉన్న సన్నటి వరస కూడా తడుముకోకుండా చదివేశాడు. పరీక్షలో మార్కులు వస్తాయనుకున్నాడో ఏమో, గట్టిగా చదివాడు.

"భూమి కింద పనికి అన్‌ఫిట్. పైన పనికి ఫిట్," అన్నాడు డాక్టరు. "లైట్ డ్యూటీ ఇస్తారు."

నేను తెలుగులో చెప్పాను.

"మరి కొడుకు సంగతో?" అన్నాడు బావ.

"కొడుకు సంగతి నాకు తెలియదు. కుడి కన్ను మాత్రం ఫస్ట్ క్లాస్. జాగ్రత్తగా చూసుకోమనండి."

బయటికొచ్చి బావ మెట్ల మీద కూర్చున్నాడు. కళ్లద్దాలు తీసి తుడుచుకుని మళ్లీ పెట్టుకున్నాడు.

"రెండడిగితే రెండిద్దును గద బామ్మర్దీ," అన్నాడు చివరికి. "ఎవడన్న జెప్పిండా?"

టపరీలో షీరా అడిగినవాళ్లే ఇప్పుడు 'కానా మామా' అని పిలవడం మొదలుపెట్టారు. అంటే ఒంటికన్ను మామ. బావ ఆ పిలుపుకూ పలికేవాడు.

పడావు సంగతి అక్కడితో ఆగలేదు. బావ కన్ను పోవడానికి కారణంగా మేము చెప్పింది పురుగునే. పడావులో నడుస్తుంటే కంట్లో ఉమ్మిందని. ఆ మాట కాలనీ అంతా పాకింది. తల్లులు పిల్లల్ని వెనక తలుపు దాటనివ్వలేదు. పడావు శుభ్రం చేయించాలని నలుగురూ కలిసి ఆఫీసుకు వెళ్లారు. ఎప్పుడూ ఏ పనికీ కదలని ఆఫీసు దీనికి వెంటనే కదిలింది. ఎలాగూ ఓబీ అటే రావాలి. జేసీబీ వచ్చి పొదల్ని పెకలించింది, చెదపుట్టల్ని చదును చేసింది. మందు కొట్టడానికి పారిశుధ్యం గ్యాంగును పంపారు. బావకు ఇచ్చిన లైట్ డ్యూటీ ఆ గ్యాంగులోనే. వీపుకు పంపు తగిలించుకుని, ఒంటికన్నుతో ఆ పడావులో మందు కొట్టాడు.

మేడం ఆఫీసుకు వెళ్లి బతిమాలింది. అక్కడ ఆవిడకు చెప్పిన జవాబు ఆవిడే నాకు చెప్పింది. "మేడం, ఒక మనిషి కన్ను పోయింది. మీకు పురుగు ఎక్కువైందా?"

కానీ పడావు మొత్తం పోలేదు. అక్క క్వార్టరు వెనక, మురికి కాలువ వెంబడి, నాలుగు తంగేడు పొదలూ ఒక చెదపుట్టా మిగిలాయి. జేసీబీ డ్రైవరుకు ఖర్రా రుద్దిచ్చి బావే అక్కడ ఆపించాడు. మందు కూడా అక్కడ కొట్టలేదు. కొట్టానని మేస్త్రీకి చెప్పాడు. మేడం అది చూసి బావ దగ్గరికి వచ్చి నమస్కారం పెట్టింది. ఆయన అనుమతితో అక్కడ రెండు గ్లాసులు పాతింది. తర్వాత నాకు ఫోన్ చేసింది.

"మీ బావగారు చాలా గొప్ప మనిషి. కన్ను పోగొట్టుకుని కూడా దాని మీద పగ పెట్టుకోలేదు. నిన్న ఒకటి పడింది తెలుసా? ఫొటో తీసి అక్కడే వదిలేశాను. ఆయన పక్కనే నిలబడి చూశారు."

ఆ వారంలోనే అక్క ఫోన్ చేసింది. గొంతు తగ్గించి మాట్లాడింది.

"తమ్మీ, మీ బావ ఇంట్ల రెండు కండ్లు మూసుకొని నడుస్తుండు."

"అంటే?"

"మంచం కాడికెల్లి నీళ్ల కుండ దాంక. కుండ కాడికెల్లి తలుపు దాంక. గోడ వట్టుకొని అలవాటు జేస్తుండు. నేను సూస్తలేననుకుంటుండు."

దసరా దాటితే గడువు కూడా దాటిపోతుంది. ఆ లోపల ఇంకోసారి బోర్డు ముందుకు వెళ్లే వీలుంది. నేను వెళ్లి బావ పక్కన కూర్చున్నాను. ఆయన వెనక తలుపు గడప మీద కూర్చుని పొదల వైపు చూస్తున్నాడు.

"బావా, ఆ ఒక్క కన్ను ఉండనీ. అక్క మొఖం సూడొద్దా?"

"ఇన్నేండ్లు సూసిన గద. యాదికున్నది."

"నవ్వులాట కాదు."

"నేను గూడ నవ్వుతలేను. పోరడు ఆ పికప్ మీదనే ముసలోడైతడు. నాకు కండ్లుండి ఏం జెయ్యాలె, గది సూడనీకేనా?"

బయటకు వచ్చి మేనల్లుడిని పట్టుకున్నాను. పికప్ టైరుకు గాలి చూస్తున్నాడు.

"మీ బాపుకు నువ్వైనా చెప్పరా."

"చెప్పిన మామా. నకో, వద్దు అన్న. నాకు ఆ నౌకరీ నకో, కన్ను పోగొట్టుకోకు అన్న."

"ఎన్నిసార్లు అన్నావు?"

టైరు వైపు చూశాడు. "ఒక్కసారి."

రెండు రోజుల తర్వాత, బావ ఆఫీసర్ల కాలనీలో మందు కొట్టే పనికి వెళ్లిన పొద్దున, అక్క నన్ను రమ్మంది. కారణం చెప్పలేదు. వెళ్లేసరికి వరండాలో ఒక పంపు ఉంది. రాజురా వైపు పత్తి వేసే మా పెదనాన్న కొడుకు దగ్గర తెప్పించిందట. పత్తి మందు అందులో కలిపేసి ఉంది. ఆమె చీర కొంగుతో ముక్కు బిగించి, తల మీద కొడుకు మోటర్‌సైకిల్ హెల్మెట్ పెట్టుకుని, అద్దం దించుకుంది.

"నిండిన పంపు ఎత్తి వీపుకు వెయ్యనీకె మనిషి గావాలె," అంది హెల్మెట్ లోంచి. "ఒక్కదాన్ని ఎత్తలేను."

"హెల్మెట్ ఎందుకే?"

"ఇంట్ల ఒకరికన్న రెండు కండ్లుండాలె గద."

నేను పంపు ఎత్తి ఆమె వీపుకు తగిలించాను. పట్టీలు సరిచేశాను. మేడం అంటున్న చివరి నేల అది అని నాకు తెలుసు. అక్క ముందుకు నడిచింది.

పొదల మొదళ్ల నుంచి మొదలుపెట్టింది. తర్వాత పంపు దించి, గడ్డపారతో చెదపుట్టను అడుగు నుంచి పగలగొట్టింది. లోపలికి మందు పోసింది. అప్పుడు అవి బయటకు వచ్చాయి. ఒకటి, దాని వెనక ఇంకొకటి, వాటి వెనక మరికొన్ని. మేడం ఇన్ని వానల్లో గ్లాసులు పాతి ఒక్కొక్కటిగా చూసిన పురుగులు పుట్ట అడుగున అన్ని దాక్కుని ఉన్నాయి. చెదల కోసం చేరాయో, మిగతా నేల పోయి ఇక్కడికి వచ్చాయో నాకు తెలియదు. పారిపోవడానికి అటు మందు, ఇటు కాలువ. కొన్ని కాలువ అంచు దాకా వెళ్లి వెనక్కి తిరిగాయి. తిరిగినవాటి మీద అక్క మందు కొట్టింది. వెల్లకిలా పడి కాళ్లు ఆడించాయి. అన్నీ గాలిలోకి ఉమ్మాయి. చీమల వాసన, పత్తి మందు వాసన కలిసిపోయాయి. హెల్మెట్ అద్దం మీద తుంపర పడితే అక్క మోచేత్తో తుడుచుకుని కొట్టింది. మేడం గ్లాసులు రెండూ కాలి కింద నలిగిపోయాయి. పంపు ఖాళీ అయ్యేదాకా ఆమె ఆపలేదు.

బావ మధ్యాహ్నం వచ్చాడు. ఇంటి ముందు నుంచే వాసన తెలిసి ఉంటుంది. తిన్నగా వెనక్కి వచ్చాడు. పగిలిన పుట్టను చూశాడు. అక్కను చూశాడు. ఆమె హెల్మెట్ ఇంకా తీయలేదు. చేతిలో గడ్డపార అలాగే ఉంది. ఆయన తిడతాడని, చెయ్యి లేపుతాడని నేను మధ్యలోకి జరిగాను. ఆయన మమ్మల్ని దాటుకుని వెళ్లి నేల మీద గొంతుక్కూర్చున్నాడు.

ఒక పురుగును తీసుకున్నాడు. చచ్చిపోయి ఉంది. పక్కన పెట్టి ఇంకోటి తీశాడు. దాని కాలు ఒకటి ఇంకా కదులుతోంది. దాన్ని కుడి కంటికి దగ్గరగా ఎత్తి, కన్ను బాగా తెరిచి, వెనక కాలు గిల్లాడు. ఏమీ రాలేదు. మళ్లీ గిల్లాడు. ఉన్నదంతా అది ఎప్పుడో గాలికి ఉమ్మేసింది. దాన్ని వదిలి ఇంకోటి తీశాడు. ఒక్కొక్కదాన్నే ఎత్తి, గిల్లి, కింద పెట్టాడు. మేనల్లుడు తలుపులో నిలబడి, ఆయన ఒక్కొక్కటి ఎత్తినప్పుడల్లా చూశాడు.

చివరిది కింద పెట్టాక బావ లేవలేదు. అక్క హెల్మెట్ తీసి కొడుకు చేతికిచ్చింది. చెమటకు జుట్టు నుదుటికి అంటుకుపోయి ఉంది.

"చేతులు మంచిగ కడుక్కో. మందున్నది," అంది బావతో. "కండ్లకు ముట్టియ్యకు."